చందమామ బండి వారసులు

1971 జులై 31న అపోలో 15 వ్యోమగాములు డేవిడ్ స్కాట్, జేమ్స్ ఇర్విన్ చంద్రుడి మీద బండెక్కారు. ఎక్కీ ఎక్కగానే చిక్కొచ్చింది. ముందు చక్రాల స్టీరింగు పనిచేయలేదు. అయినా ప్రయాణం ఆగలేదు. ఆ బండిలో ముందు చక్రాలను పక్కకు మళ్లించడానికి ఒక స్టీరింగు మోటారు, వెనక చక్రాలను మళ్లించడానికి మరొకటి వేర్వేరుగా పెట్టారు. వెనక చక్రాలతోనే మలుపులు తీసుకుంటూ, రాళ్లూ గుంతలూ తప్పించుకుంటూ వాళ్లిద్దరూ కిలోమీటర్ల కొద్దీ తిరిగొచ్చారు. మర్నాడు ముందు స్టీరింగు దానంతటదే దారికొచ్చింది.

ఈ రోజు కోట్ల రూపాయల ధర పలుకుతున్న ఎలక్ట్రిక్ ఆఫ్‌రోడ్ బండ్ల గొప్పతనం గురించి మాట్లాడాలంటే ఆ రోవర్ దగ్గరే మొదలుపెట్టాలి. దాన్ని కట్టింది బోయింగ్. చక్రాలు, మోటార్లు, స్టీరింగు సమకూర్చింది జనరల్ మోటార్స్. 1969 అక్టోబరులో ఒప్పందం కుదిరితే, 17 నెలల్లో బండి నాసా చేతికొచ్చింది. బరువు 210 కిలోలు. ప్రతి చక్రానికీ సొంతంగా ఒక మోటారు. ఒక్కోదాని శక్తి పావు హార్స్‌పవర్ మాత్రమే. దాని వేగాన్ని 80 రెట్లు తగ్గించి, బలంగా మార్చే గేరు చక్రం మధ్యలోనే ఇమిడి ఉంటుంది. టైరూ గాలీ లేవు. జింకు పూత పూసిన స్టీలు తీగతో అల్లిన చక్రాలు అవి. ఒక మోటారు మొరాయిస్తే ఆ చక్రాన్ని విడదీసి, మిగతా మూడింటితో సాగిపోవచ్చు.

చక్రానికో మోటారు అన్న ఆలోచన అంతకంటే చాలా పాతది. 1900 నాటికే వియన్నాలో లోనర్ కంపెనీలో పనిచేస్తున్న ఫెర్డినాండ్ పోర్షే మోటార్లను చక్రాల్లోనే బిగించి కారు నడిపాడు. ఇంగ్లండుకు చెందిన హార్ట్ అనే కొనుగోలుదారు నాలుగు చక్రాలకూ నాలుగు మోటార్లు కావాలని పట్టుబట్టి చేయించుకున్నాడు. ఆ బండిలో సీసపు బ్యాటరీ ఒక్కటే 1,800 కిలోలు తూగింది! దాంతో పోర్షే బ్యాటరీని తగ్గించి, పెట్రోలు ఇంజనుతో కరెంటు పుట్టించే బండి మీద పడ్డాడు. ఆలోచనలో తప్పులేదు, బరువే దాన్ని మోకాళ్ల మీద కూర్చోబెట్టింది. ఇప్పటి కథ కూడా ఈ రెండింటి మధ్యే నడుస్తోంది.

మామూలు జీపు ఎక్కడ ఇరుక్కుంటుందో గమనించండి. ఒక చక్రం గోతి మీద గాలిలోకి లేస్తుంది. ఇంజను నుంచి వచ్చే బలాన్ని రెండు చక్రాలకు పంచే డిఫరెన్షియల్, ఏ వైపు అడ్డు లేకపోతే ఆ వైపే తిప్పుతుంది. గాలిలోని చక్రం గిర్రున తిరుగుతుంటే, నేల మీది చక్రం కదలకుండా నిలబడిపోతుంది. దీనికి విరుగుడుగా రెండు చక్రాలనూ కలిపి బిగించే లాకులు కనిపెట్టారు. చక్రానికో మోటారు ఉన్న బండికి ఆ గొడవే లేదు. జారుతున్న చక్రానికి కరెంటు తగ్గించడం, పట్టు ఉన్నదానికి పెంచడం అంతా కంప్యూటరు క్షణంలో వెయ్యోవంతుల లెక్కన చూసుకుంటుంది. పైగా కరెంటు మోటారు కదలకుండా ఉన్నప్పుడే పూర్తి టార్క్, అంటే తిప్పే బలం, ఇస్తుంది. బండరాయి మీదకి అంగుళం అంగుళంగా ఎక్కేటప్పుడు క్లచ్ కాలదు, ఇంజను ఆగిపోదు.

మెర్సిడెస్ జి-వ్యాగన్ 1979 నుంచి ఇటువంటి లాకులకే పేరుమోసింది. 2024 ఏప్రిల్‌లో బీజింగ్‌లో చూపించిన దాని ఎలక్ట్రిక్ రూపం జి 580లో అవి లేవు. వాటి బదులు నాలుగు మోటార్లు, ఒక్కోదానికీ రెండు గేర్లు. ఎడమ చక్రాలను ఒకవైపు, కుడి చక్రాలను ఎదురువైపు తిప్పి, నిలబడ్డచోటే గుండ్రంగా తిరగగలదు. డీజిలు ఇంజను గాలి పీల్చే దారిలోకి నీళ్లు వెళితే దాని పని అయిపోయినట్టే. ఇక్కడ పీల్చేదీ లేదు, వదిలేదీ లేదు. అందుకే ఇది 85 సెంటీమీటర్ల లోతు నీళ్లలో దిగుతుంది. ఇంజనున్న జి-వ్యాగన్‌కు 70 సెంటీమీటర్లే హద్దు.

దీని పొట్ట కింద ఉన్న పలక గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. బ్యాటరీని నిచ్చెనలాంటి స్టీలు చట్రం మధ్యలో దించడం వల్ల గురుత్వ కేంద్రం కిందికి దిగింది, ఏటవాలులో బోల్తా పడే భయం తగ్గింది. కానీ రాళ్లకు తగిలేది ఆ పొట్టే. అందుకని 26 మిల్లీమీటర్ల మందంతో, కార్బన్ కలిపిన మిశ్రమ పదార్థంతో ఒక రక్షణ పలక బిగించారు. పలక ఒక్కటే 57.6 కిలోలు. బ్యాటరీకి కాపలాగా వచ్చిన ఈ బరువును మోయడానికి మళ్లీ ఆ బ్యాటరీయే కరెంటు ఖర్చుపెట్టాలి. బ్యాటరీ పెద్దదయ్యే కొద్దీ చట్రం, బ్రేకులు, టైర్లు, పలకలు అన్నీ లావెక్కుతాయి. అలా జి 580 మొత్తం 3,085 కిలోలకు చేరింది.

యూరపులో మామూలు కారు లైసెన్సుతో నడపగల బండికి, మోతతో కలిపి, 3,500 కిలోలు దాటకూడదన్నది సాధారణ నియమం. అంటే ఈ మూడు టన్నుల బండి మోయగలిగింది 415 కిలోలు. ఐదుగురు పెద్దవాళ్లు ఎక్కి కూర్చుంటే సామాన్లకు పెద్దగా మిగలదు. అదే చందమామ బండి 210 కిలోలుండి 490 కిలోలు మోసింది. చంద్రుడి మీద ఆకర్షణ ఆరోవంతే కాబట్టి రెంటినీ పక్కపక్కన నిలబెట్టి తీర్పు చెప్పడం న్యాయం కాదు. అయినా ఆ ఇంజనీర్లు ప్రతి గ్రామూ లెక్కపెట్టారన్నది మాత్రం నిజం.

జనరల్ మోటార్స్ సంస్థే యాభై ఏళ్ల తర్వాత, 2021 చివర్లో హమ్మర్ ఎలక్ట్రిక్ పికప్‌ను కొనుగోలుదార్లకు ఇచ్చింది. రోవర్‌లాగే దీని వెనక చక్రాలూ తిరుగుతాయి. నాలుగూ ఒకే వైపు తిరిగితే బండి పీతలా ఐమూలగా జరుగుతుంది. ఇరుకు దారిలో ఇది నిజంగా పనికొచ్చే విద్య. కానీ బరువు 4,100 కిలోలు! బ్యాటరీ ఒక్కటే దాదాపు 1,300 కిలోలు, ఒక మారుతి స్విఫ్ట్ కంటే ఎక్కువ. వెడల్పు 2.2 మీటర్లు. ఇరుకు దారి కోసం విద్య నేర్పించి, ఇరుకు దారిలో పట్టనంత వెడల్పు చేయడం నాకు మింగుడుపడని విషయం.

ఇక కరెంటు ఖర్చు. మనం మీటరులో చూసే యూనిట్లలోనే చెప్పుకుందాం. అమెరికా ప్రభుత్వ రేటింగు ప్రకారం హమ్మర్ పికప్ 100 కిలోమీటర్లకు దాదాపు 45 యూనిట్లు తాగుతుంది. అదే కొలతలో రివియన్ కంపెనీ 2022 నాటి ఆర్1ఎస్ బండికి 30 యూనిట్లు. ఈ రివియన్ నాలుగు మోటార్లది, మూడు టన్నులు దాటినదే. మరి ఇంత తేడా ఎలా వచ్చింది? బరువుతో పాటు గాలి కూడా లెక్కే. గాలి అడ్డు వేగపు వర్గం లెక్కన పెరుగుతుంది. 50లో వెళ్లే బండి 100 అందుకుంటే ఆ అడ్డు నాలుగింతలవుతుంది. రివియన్ ముందు భాగం నున్నగా ఉంటుంది. దాని గాలి సస్పెన్షన్ రాళ్ల మధ్య బండిని నేల నుంచి 37 సెంటీమీటర్ల దాకా ఎత్తి, హైవే ఎక్కగానే కిందికి దించుతుంది. ఎత్తు కావాల్సినచోట ఎత్తు, పొదుపు కావాల్సినచోట పొదుపు. ఈ తరం బండ్లన్నిటిలో నాకు బాగా నచ్చిన ఆలోచన ఇదే. జి-వ్యాగన్‌కు ఆ వెసులుబాటు లేదు. పెట్టెలాంటి ఆ ఆకారమే దాని గుర్తింపు కాబట్టి, ఎంత నగిషీ చెక్కినా గాలి అడ్డు గుణకం 0.44 దగ్గరే ఆగింది. అదే కంపెనీ సెడాన్ ఈక్యూఎస్‌కు 0.20.

మన దేశంలో జి 580 ధర 2025 జనవరిలో 3 కోట్ల రూపాయలు. అదే ఏడాది జూన్‌లో టాటా హారియర్ ఈవీ వచ్చింది. రెండింటి పొడవూ ఇంచుమించు ఒకటే, 4.6 మీటర్లు. హారియర్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ మోడల్‌కు ముందొకటి, వెనకొకటి, రెండే మోటార్లు. బ్యాటరీ 75 యూనిట్లు. జి 580లో 116. హారియర్ నీళ్లలో 60 సెంటీమీటర్ల దాకా దిగుతుంది. కేరళలోని వాగమన్‌లో ఏనుగు బండ అనే రాతి కొండను ఎక్కించి చూపించారు. రాళ్ల పర్వతాల్లో జి-వ్యాగన్‌తో ఇది పోటీపడలేదు, నిజమే. కానీ అడవి దారి, బురద, ఇసుక, ఘాట్ రోడ్డు వరకైతే నాలుగు మోటార్లూ మూడు టన్నులూ ఎవరికి కావాలి? ఘాట్ దిగేటప్పుడు మోటార్లే జనరేటర్లై బ్రేకు పని చేస్తూ కరెంటును వెనక్కిస్తాయి. అది చిన్న బండికీ ఉన్న సుగుణమే.

అడవిలో ఛార్జింగ్ ఎక్కడ అన్న ప్రశ్న మిగిలే ఉంది. దానికి అమెరికాలో స్కౌట్ కంపెనీ, కరెంటు పుట్టించడానికి మాత్రమే పనికొచ్చే చిన్న పెట్రోలు ఇంజను జోడిస్తానంటోంది. ముందుగా బుక్ చేసుకున్నవాళ్లలో అత్యధికులు దాన్నే కోరుకున్నారు. 125 ఏళ్ల కిందట పోర్షే పట్టిన దారి అదే.

ఇలాంటి బండి కొనే ఆలోచన ఉంటే, ప్రకటనలోని రేంజ్ అంకె చూసి మురిసిపోకండి. హారియర్ ఫోర్ వీల్ డ్రైవ్‌కు మన దేశపు పరీక్షలో 622 కిలోమీటర్లు వచ్చాయి. అసలు రోడ్డు మీద 500 లోపే అని ఆ కంపెనీయే చెబుతోంది. ఒక దేశపు పరీక్ష మరో దేశపు పరీక్షతో సరిపోలదు కూడా. షోరూంలో రెండు ప్రశ్నలు అడగండి: ఖాళీ బండి బరువెంత, హైవే మీద 100 కిలోమీటర్లకు ఎన్ని యూనిట్లు? జవాబు కాగితం మీద రాయించుకునే అడ్వాన్సు ఇవ్వండి.