నర్సింగ్ చదువు ఎన్నేళ్ళు? ఫీజు కట్టక ముందే లెక్క వేసుకోండి

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, ఓ.పి. వరండాలోను, ఆదివారం ఆరాధన అయ్యాక గుడి ఆవరణలోను తల్లిదండ్రులు మమ్మల్ని అడిగే మాట ఒకటే: "బిడ్డను నర్సింగుల ఏద్దామనుకుంటున్నం సిస్టర్, ఎన్నేండ్లకు చేతికొస్తది?" ఏ కోర్సు అని తెలియకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు.

ఇంటర్ తర్వాత ఎ.ఎన్.ఎం. 2 సంవత్సరాలు, జి.ఎన్.ఎం. 3, బి.ఎస్సీ. నర్సింగ్ 4. జి.ఎన్.ఎం. మూడున్నరేళ్ళు కదా అని కొందరంటారు. 2004 నాటి పాఠ్యప్రణాళికలో అంతే ఉండేది. 2015లో దానిని సవరించి, ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌తో కలిపి 3 సంవత్సరాలు చేశారు. గనుక మీ ఇంట్లో అక్క చదివిన కాలాన్ని బట్టి చెల్లెలికి లెక్క వేయకండి.

"ముందు చిన్న కోర్సు చదివిద్దాం, పెద్దది తర్వాత చూద్దాం" అనే వారు చాలామంది. ఆ దారి ఎంత పొడవో చూడండి. ఎ.ఎన్.ఎం. 2, ఆపై జి.ఎన్.ఎం. 3, ఆపై పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. 2, మొత్తం 7 సంవత్సరాలు. నేరుగా బి.ఎస్సీ.లో చేరితే అదే డిగ్రీకి 4 చాలు. అయితే ఇంట్లో త్వరగా జీతం అవసరమైతే జి.ఎన్.ఎం. తప్పు దారి కాదని మా అభిప్రాయం. మూడేళ్ళకు ఉద్యోగంలో చేరి, కుదిరినప్పుడు మిగిలిన రెండేళ్ళు చదువుకోవచ్చు.

అసలు నిర్ణయం పదవ తరగతి తర్వాతే జరిగిపోతుంది. బి.ఎస్సీ.కి ఇంటర్‌లో బై.పి.సి. ఉండాలి, 45 శాతం మార్కులు రావాలి (ఎస్.సి., ఎస్.టి. పిల్లలకు 40). జి.ఎన్.ఎం.కు ఏ గ్రూపైనా ఫరవాలేదు. చేరే సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏళ్ళు నిండాలి. మన రాష్ట్రంలో బి.ఎస్సీ. కన్వీనర్ సీట్ల కౌన్సిలింగు జరిపేది మన వరంగల్‌లోనే ఉన్న కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం. ఇటీవల ఎప్‌సెట్ ర్యాంకును బట్టి ఆ సీట్లు ఇస్తున్నారు గనుక ఇంటర్ రెండో సంవత్సరంలోనే ఆ పరీక్షకు కూడా దరఖాస్తు చేయించండి.

ఇక నాలుగేళ్ళ చదువు ఐదేళ్ళు ఎందుకవుతుంది? పరీక్ష తప్పడం ఒక కారణం. రెండోది ఇంట్లో వారికి తెలియనిది, హాజరు. తరగతులకు 80 శాతం చాలు గాని, వార్డు డ్యూటీ నూటికి నూరు శాతం పూర్తి కానిదే పట్టా ఇవ్వరు. అక్క పెళ్ళికి పది రోజులు, పండుగకు ఐదు రోజులు ఇంటికి పిలిపిస్తే ఆ డ్యూటీ అంతా మళ్ళీ చేయాల్సిందే. చదువు మధ్యలో ఆ పిల్లకే పెళ్ళి చేస్తే చెప్పనక్కరలేదు. బి.ఎస్సీ.ని 8 ఏళ్ళలోగా ముగించాలన్న హద్దు కూడా ఉంది. ఈ నియమం మరీ కఠినమని కొందరంటారు, మేము అనము. వేలూరు సి.ఎం.సి.లో 1946లో నర్సింగ్ డిగ్రీ చదువు మొదలు కాక ముందు నుండీ మన దేశంలో నర్సులు వార్డులోనే పని నేర్చుకున్నారు. సూది వేయడం పుస్తకం చూసి రాదు.

బ్యాంకు అప్పు తీసుకునే వారు ఇంకో మాట గమనించాలి. ఆఖరి పరీక్ష రాసిన మర్నాడే జీతం రాదు. ఫలితాలు రావాలి, సర్టిఫికెట్లు అందాలి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు కావాలి. ఆ నెలలకు కూడా ఇంటి ఖర్చు లెక్కలో కొంత ఉంచుకోండి. అలాగే ఫీజు కట్టక ముందు కళాశాలకు ప్రభుత్వ అనుమతి, కౌన్సిల్ గుర్తింపు ఈ సంవత్సరానికి ఉన్నాయో లేదో కాగితం చూపించమని అడగండి. నోటి మాటతో సరిపెట్టుకోవద్దు.

సందేహం ఉన్నవారు ఇంటర్ మెమో కాపీ పట్టుకొని, పిల్లను కూడా వెంటబెట్టుకొని మా నర్సింగ్ ఆఫీసుకు రండి. తనకు ఇష్టమో కాదో మేము ముందుగా తననే అడుగుతాము.