లెక్కకు అందని పద్యం

బేస్‌బాల్ ఆటలో బంతిని కొట్టి క్షేమంగా తొలి మజిలీ చేరితే అది ఒక హిట్. అమెరికాలో పీట్ రోజ్ 1963 నుండి 1986 వరకు ఆడి 4,256 హిట్లు సాధించాడు. జపానులోని 1,278కి అమెరికాలోని 3,089 చేర్చితే ఇచిరో సుజుకీవి 4,367. ఇరువురిలో ఎవరు అధికులన్న వాదం అభిమానులలో నేటికీ తెగలేదు. రెండు దేశాల ఆటను ఒకే త్రాసులో తూచవచ్చునా అన్నదే చిక్కు.

గోదావరి సీమ ఇట్టి వాదం ఎరుగనిది కాదు. ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్ళలో కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి, యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రి ఒక జంట. నరసరావుపేట దాపున గల కొప్పరపు సోదరులు మరొక జంట. అభిమానులు రెండు పక్షాలైనారు. గంటకు ఎన్ని పద్యాలన్నది ఒకరి కొలత. నూర్గురు పృచ్ఛకుల పద్యాలను తుదిని తడబడక అప్పగించే ధారణ మరొకరి కొలత. వేగమూ ధారణా ఒకే తూనికకు లొంగునా?

ఆశువుగా చెప్పిన పద్యాలలో వ్రాతకెక్కనివి గాలిలో కలిసినవి. ఆ లెక్కలెరుగని పల్లెవారి నాలుకలపై మాత్రం తిరుపతి వేంకటకవుల ‘పాండవోద్యోగ విజయముల’ పద్యాలు నిలిచినవి. సంఖ్య సభను గెలుస్తుంది. కాలాన్ని గెలిచేది పద్యమే.