మీకు తెలుసా? తెర మీద కచేరీ, తల మీద విగ్గు
బ్రిటిష్ రాక్ బృందం లెడ్ జెపెలిన్ 1973 జులైలో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వరసగా మూడు రాత్రులు కచేరీ చేసింది. దాని ఆధారంగా తీసిన ‘ది సాంగ్ రిమైన్స్ ది సేమ్’ సినిమా మాత్రం 1976లో గానీ థియేటర్లకు రాలేదు. తీరా ఫిల్ము వేసి చూసుకుంటే కీలకమైన చోట్ల షాట్లే లేవు మరి! దర్శకుణ్ని మార్చారు. 1974లో ఇంగ్లండ్‌లోని షెపర్టన్ స్టూడియోలో స్టేజీ సెట్టు వేసి, పాత రికార్డింగుకు తగ్గట్టు వాయిస్తున్నట్టు నటించారు. ఆపాటికే బేస్ గిటారిస్టు జాన్ పాల్ జోన్స్ జుట్టు కత్తిరించేసుకున్నాడు, విగ్గు పెట్టక తప్పలేదు. పైగా అసలు కచేరీల్లో ఆయన రాత్రికో రకం బట్టలు వేసుకోవడంతో అతుకులు ఇట్టే దొరికిపోతాయి. పాట సాగుతుండగా గాయకుడు రాబర్ట్ ప్లాంట్ కత్తి పట్టి, గుర్రమెక్కే కల్పిత ఘట్టమైతే మన ఓపికకు పరీక్షే.

అయినా ‘మోబీ డిక్’ అనే డ్రమ్ సోలో కోసం ఈ సినిమా చూడాల్సిందే. డ్రమ్మర్ జాన్ బోనమ్ పుల్లలు పక్కన పెట్టి ఉత్త చేతులతో డ్రమ్ములు మోగిస్తాడు. ఆయన 1980లో పోయాడు, ఇక ఆయనతో కొత్త కచేరీ చూసే వీల్లేదు. 2003లో పాత కచేరీల డీవీడీ వచ్చేదాకా అభిమానులకు ఈ అతుకుల బొంతే దిక్కు.