చెవి నొప్పి తగ్గినా చీము కారితే అశ్రద్ధ వద్దు

ఆకివీడు: జలుబు చేసిన పసిబిడ్డ చెవి లాక్కుంటూ రాత్రంతా ఏడుస్తుంటే మధ్యచెవి ఇన్‌ఫెక్షన్‌గా అనుమానించాలి. ముక్కు వెనుక భాగాన్ని మధ్యచెవితో కలిపే నాళం పిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబుతో అది మూసుకుపోయి లోపల చీము చేరుతుంది. కర్ణభేరి ఎర్రబడి ఉబ్బిందేమో వైద్యులు ఓటోస్కోప్‌తో చూసి నిర్ధారిస్తారు.

నొప్పికి బిడ్డ బరువును బట్టి పారాసిటమాల్‌ ఇస్తారు. 6 నెలల లోపు వారికి యాంటీబయాటిక్‌ అవసరం. రెండేళ్లు దాటి, లక్షణాలు స్వల్పంగా ఉంటే వైద్యుల సలహాతో 48 నుంచి 72 గంటలు వేచి చూడవచ్చు.

కర్ణభేరికి చిల్లు పడి చీము బయటికి రాగానే నొప్పి తగ్గుతుంది. జబ్బు నయమైందనుకోవడం పొరపాటు. చెవిలో నూనె, పసరు పోయరాదు. శుభ్రమైన నూలు గుడ్డను ఒత్తిలా చుట్టి తడి తీయాలి. కొల్లేరు పరిసరాల్లోని చెరువులు, కాలువల్లో స్నానాలు మాన్పించాలి. 2 వారాలు దాటినా చీము ఆగకపోతే వినికిడి తగ్గి, మాటలు రావడం ఆలస్యం కావచ్చు. చెవి వెనుక వాపు వస్తే తక్షణం ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

6 వారాలు, 14 వారాలు, 9 నెలల వయసులో ప్రభుత్వం ఉచితంగా వేసే న్యూమోకోకల్‌ టీకా ఈ ముప్పును కొంత తగ్గిస్తుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ, బడి పిల్లలకు చేసే పరీక్షల్లో ఈ వ్యాధి కూడా ఉంది.