పశువు గొంతులో టెంక ఇరుక్కుంటే...

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల పాడి రైతులు ఇది గుర్తుంచుకోవాలి. మామిడి టెంకో, మొక్కజొన్న కంకో నమలకుండా మింగితే ఆవుకైనా, ఎనుముకైనా ఆహారనాళంలో అడ్డుపడుతుంది. మెడ చాపి చొంగ కారుస్తుంది, మేత ముట్టదు. త్రేన్పు రాక గాలి నిలిచి ఎడమ డొక్క ఉబ్బుతుంది. ఆలస్యమైతే గంటల్లోనే ప్రాణం పోవచ్చు.

నూనె, నీళ్లు తాపొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కర్రతో తోయొద్దు, నాళం చిరుగుతుంది. పిచ్చికుక్క కరిచినా ఇలాగే చొంగ కారుతుంది కనుక వట్టి చెయ్యి నోట్లో పెట్టొద్దు.

వెంటనే 1962కు ఫోన్ చేయండి. అడ్డు మెడలో ఉంటే డాక్టరు చేతికే తగులుతుంది. ఛాతీలో ఉంటే గొట్టం వేసి, వీలున్నచోట ఎక్స్‌రే తీసి చూస్తారు. డొక్క బాగా ఉబ్బితే ముందు గాలి తీసేస్తారు.

కాయలు, గడ్డలు ఎప్పుడూ ముక్కలు కోసే వేయండి.