తిరిగే త్రిభుజం

నల్లబల్ల మీద సుద్దముక్కతో గీత గీస్తున్నప్పుడు ఒక్కోసారి ‘కీచు’మని ఒళ్ళు జలదరించే చప్పుడు రావడం మీకందరికీ అనుభవమే. అలా చప్పుడు వచ్చినప్పుడు ఆ గీతను ఎప్పుడైనా దగ్గరగా చూశారా? అది గీతలా ఉండదు. చుక్కలు చుక్కలుగా ఉంటుంది. సుద్దముక్క సాఫీగా జారకుండా, బల్లను పట్టుకుంటూ, వదులుతూ, గెంతుకుంటూ పోయిందన్నమాట! ఈ చిన్న సంగతిని గుర్తుంచుకోండి. ఒకప్పుడు జపాను దేశంలో 47 మంది ఇంజనీర్లకు నిద్ర లేకుండా చేసినవి ఇలాంటి గెంతులే. ఆ గెంతుల్ని మాన్పించాకనే ఒక అద్భుతమైన స్పోర్ట్స్ కారు రోడ్డెక్కింది.

ఆగి ఆగి పరుగెత్తే పిస్టను

మామూలు పెట్రోలు ఇంజనులో సిలిండరు అనే గొట్టం, అందులో పైకీ కిందికీ కదిలే పిస్టను ఉంటాయి. గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమాన్ని పీల్చుకోవడం, దాన్ని అదమడం, మండించడం, కాలిన వాయువులను బయటికి నెట్టడం – ఈ నాలుగు పనులూ ఒకదాని తర్వాత ఒకటి జరుగుతాయి. ప్రతిసారీ పిస్టను పైకి వెళ్ళి ఆగాలి, వెనుదిరగాలి. కిందికి వచ్చి మళ్ళీ ఆగాలి. ఇంజను ఇరుసు నిమిషానికి 6000 చుట్లు తిరుగుతోందనుకోండి. అంటే సెకనుకు 100 చుట్లు. చుట్టుకు రెండుసార్ల చొప్పున పిస్టను సెకనుకు 200 సార్లు ఆగి, 200 సార్లు బయలుదేరాలి! బస్సు ఆగినప్పుడు మనం ముందుకు తూలడానికి కారణమైన జడత్వమే ఇక్కడా పనిచేస్తుంది. ఇంజను అదురుతుంది. భాగాల మీద భారం పెరుగుతుంది.

కారుకు కావలసింది చక్రాలు తిరగడమే గదా! మరి ఇంజనులోని భాగం కూడా మొదటినుంచీ తిరుగుతూనే ఉంటే? జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ ఇలాగే ఆలోచించాడు. అక్కడి ఎన్.ఎస్.యు. కంపెనీతో కలిసి అలాంటి ఇంజనును రూపొందించాడు. దాని తొలి నమూనా 1957లో నడిచింది.

వేరుశనక్కాయలో త్రిభుజం

రెండు గింజల వేరుశనక్కాయను ఒకదాన్ని తీసుకుని పక్కనుంచి చూడండి. నడుము దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉంటుంది. ఈ ఇంజను లోపలి గోడ ఆకారం ఇంచుమించు అంతే, కాకపోతే నొక్కు తక్కువ. అందులో, భుజాలు ఉబ్బిన త్రిభుజం లాంటి రోటరు తిరుగుతుంది. దాని మూడు కొనలూ ఎప్పుడూ గోడను తాకుతూనే ఉంటాయి. అందువల్ల రోటరుకూ గోడకూ మధ్య మూడు గదులు ఏర్పడతాయి.

రోటరు తిరుగుతున్నకొద్దీ ఒక్కొక్క గదీ పెద్దదవుతూ, చిన్నదవుతూ ఉంటుంది. పెద్దదయ్యేటప్పుడు మిశ్రమాన్ని పీల్చుకుంటుంది. చిన్నదయ్యేటప్పుడు దాన్ని అదుముతుంది. అప్పుడు స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వ పుట్టిస్తుంది. మండిన వాయువు వ్యాకోచించి రోటరును ముందుకు తోస్తుంది. చివరికి కాలిన వాయువు బయటికి పోతుంది. గాలి వచ్చే కన్నాన్నీ, పొగ పోయే కన్నాన్నీ రోటరే తిరుగుతూ మూస్తుంది, తెరుస్తుంది. కాబట్టి కవాటాలతో పనిలేదు.

ఇప్పుడొక చిన్న లెక్క. మూడు గదులు ఉన్నాయి గనుక రోటరు ఒక చుట్టు తిరిగేసరికి మూడు తోపులు. ఈలోగా ఇరుసు మూడు చుట్లు తిరిగేలా పళ్ళచక్రాలు అమర్చారు. అంటే ఇరుసు చుట్టుకు ఒక తోపు. మామూలు సిలిండరులోనైతే ఇరుసు రెండు చుట్లు తిరిగితేగాని ఒక తోపు రాదు. చిన్న ఇంజను పెద్ద శక్తి ఇవ్వడంలోని రహస్యం ఇదే!

దయ్యం గోళ్ళ గీతలు

హిరోషిమా పేరు మీరు చరిత్ర పాఠంలో చదివే ఉంటారు. 1945లో అణుబాంబుకు గురైన నగరం అది. ఆ ప్రాంతంలో 1920లో బిరడాల కార్కు తయారీతో మొదలై, తర్వాత వాహనాలు చేస్తూ వచ్చిన కంపెనీ ఒకటుంది. దాని వాహనాల పేరు మాజ్దా. 1960 ప్రాంతంలో, చిన్న కార్ల కంపెనీలు పెద్దవాటిలో కలిసిపోక తప్పదేమోనన్న భయం ఆ కంపెనీని పట్టుకుంది. ఎవరి దగ్గరా లేని ఇంజను తన దగ్గరుంటే నిలబడవచ్చు! 1961లో జర్మనీ కంపెనీతో ఒప్పందం కుదిరింది. 1963లో కెనిచి యమమోతో నాయకత్వాన 47 మంది ఇంజనీర్లతో పరిశోధనా విభాగం ఏర్పడింది.

తెచ్చుకున్న ఇంజను కొంతకాలం బాగానే నడిచేది. తర్వాత శక్తి తగ్గిపోయేది. విప్పి చూస్తే లోపలి గోడ నిండా అడ్డగీతలు! ఎవరో గోళ్ళతో బరికినట్టు ఉండే ఆ గీతలకు వాళ్ళు ‘దయ్యం గోళ్ళ గీతలు’ అని పేరు పెట్టుకున్నారు.

ఈ దయ్యం ఎవరో మీకు తెలుసు. మన సుద్దముక్కే! రోటరు మూడు కొనల్లోనూ, గదుల మధ్య వాయువు కారిపోకుండా లోహపు పట్టీలు ఉంటాయి. అవి గోడ మీద జారవలసింది పోయి, తమ సహజ పౌనఃపున్యంతో కంపిస్తూ గెంతుతున్నాయి. గెంతిన ప్రతిచోటా ఒక గీత పడుతోంది.

కీచుమనే సుద్దను రెండుగా విరిచి రాయండి. చాలాసార్లు చప్పుడు మారుతుంది, లేదా ఆగిపోతుంది. పొడవు తగ్గడంతో దాని కంపనం మారింది. ఇంజనీర్లు చేసిందీ ఇలాంటిదే. పట్టీలో అడ్డంగా, నిలువుగా సన్నని రంధ్రాలు చేసి దాని పౌనఃపున్యాన్ని మార్చారు. గీతలు మాయమయ్యాయి! ఆ తర్వాత కర్బనానికి అల్యూమినియం పట్టించి ఇంకా మంచి పట్టీలు చేశారు. పెన్సిలులో ఉండేదీ కర్బనమే. అది కాగితం మీద ఎంత నునుపుగా జారుతుందో చూడండి!

పందెంలో పరీక్ష

1967 మేలో కాస్మో స్పోర్ట్ అమ్మకానికి వచ్చింది. రెండు రోటర్లకూ కలిపి ఇంజను పరిమాణం 982 ఘన సెంటీమీటర్లే. శక్తి మాత్రం 110 అశ్వశక్తి. గరిష్ఠ వేగం గంటకు 185 కిలోమీటర్లు. మరుసటి ఏడాది జర్మనీలో 84 గంటలపాటు ఏకబిగిన సాగిన పందెంలో రెండు కాస్మోలు పాల్గొన్నాయి. ఒకటి చివరి గంటల్లో ఆగిపోయింది. రెండోది నాలుగో స్థానంలో గమ్యం చేరింది.

1991లో ఫ్రాన్సులోని ల మాన్ 24 గంటల పందెంలో నాలుగు రోటర్ల మాజ్దా 787బి మొదటి స్థానం గెలుచుకుంది. ఒక జపాను కారు ఆ పందెం గెలవడం అదే మొదలు. పగలూ రాత్రీ కలిపి 362 చుట్లు, అంటే దాదాపు 4,900 కిలోమీటర్లు పరుగెత్తింది. ఈసారి కొనల పట్టీలు పింగాణీ జాతి పదార్థంతో చేసినవి.

అయితే లోపాలు లేవా? ఉన్నాయి. పొడుగ్గా, పలచగా ఉండే గదిలో మిశ్రమం పూర్తిగా మండదు. కాబట్టి పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కందెన నూనె కూడా కొంత మండిపోతుంది. 1973 నాటి చమురు సంక్షోభంలో ఈ లోపమే కంపెనీని చిక్కుల్లో పడేసింది. అయినా వాళ్ళు వదిలిపెట్టలేదు. 1978లో ఆర్ఎక్స్-7 వచ్చింది. చివరి రోటరీ స్పోర్ట్స్ కారు ఆర్ఎక్స్-8 తయారీ 2012లో ఆగింది. 2023లో ఒకే రోటరుతో చిన్న ఇంజను మళ్ళీ వచ్చింది. ఈసారి అది చక్రాలను తిప్పదు, విద్యుత్తు కారుకు కరెంటు పుట్టించి ఇస్తుంది.

ఈసారి తరగతిలో సుద్దముక్క కీచుమంటే చెవులు మూసుకోకండి. దగ్గరికి వెళ్ళి ఆ చుక్కల్ని చూడండి. ఆ 47 మందీ ఎదుర్కొన్న ప్రశ్న మీ నల్లబల్ల మీదే కనిపిస్తుంది.