జాప్ఫినో: టైప్ చేస్తే చేత్తో రాసినట్టే ఉండే ఫాంట్.. ఎక్కడ వాడాలి, ఎక్కడ వద్దు?

మీ దగ్గర మ్యాక్ ఉందా? అయితే టెక్స్ట్‌ఎడిట్ ఓపెన్ చేసి, ఫాంట్ లిస్ట్‌లో జాప్ఫినో సెలెక్ట్ చేసుకోండి. ఇప్పుడు ఆ ఫాంట్ పేరే ఇంగ్లిష్‌లో టైప్ చేయండి. చివరి అక్షరం పడగానే పదం మొత్తం రూపం మార్చేసుకుంటుంది. ఏడు అక్షరాల బదులు, కలంతో ఒక్క ఊపులో రాసినట్టున్న ఒకే బొమ్మ వస్తుంది.

దీని వెనకున్నది జర్మనీకి చెందిన హెర్మన్ జాప్ఫ్. పాలటినో, ఆప్టిమా ఫాంట్లు కూడా ఆయనవే. 1944లో తన స్కెచ్‌బుక్‌లో రాసుకున్న ఒక కాలిగ్రఫీ పేజీయే జాప్ఫినోకి మూలం. అప్పట్లో అచ్చుకు సీసం అక్షరాలే దిక్కు. పొడవాటి తోకలు, పక్క అక్షరం మీదకు పాకే వంపులు ఆ సీసం దిమ్మల్లో ఇమడవు. అందుకే ఆ చేతిరాత ఫాంట్‌గా మారడానికి కంప్యూటర్లు రావాల్సి వచ్చింది. లైనోటైప్ సంస్థ 1998లో దాన్ని విడుదల చేసింది.

చేత్తో రాసేటప్పుడు ఒకే అక్షరం రెండోసారి అచ్చం అలాగే రాదు కదా! అందుకే ఇందులో ఒక్కో అక్షరానికి రకరకాల రూపాలున్నాయి. పక్కన ఏ అక్షరం ఉందో చూసి సాఫ్ట్‌వేరే తగిన రూపాన్ని పెడుతుంది. మనకిది కొత్తేం కాదు. ఫోన్‌లో క, పొల్లు, ష కొడితే ‘క్ష’ వచ్చేది కూడా ఇలాంటి రూపం మార్పిడితోనే. తెలుగుకు అది అవసరం, జాప్ఫినోకి అందం. అయితే జాప్ఫినోలో తెలుగు అక్షరాలు లేవు, ఇంగ్లిష్ పేర్లకే పనికొస్తుంది.

మరి ఎక్కడ వాడాలి? పెళ్లి కార్డు మీద వధూవరుల పేర్లు, సర్టిఫికెట్ మీద పేరు, బొటిక్ లోగో.. ఇలా రెండు మూడు పదాలున్న చోట అదిరిపోతుంది. కానీ ఈ జాగ్రత్తలు తప్పనిసరి:

• అన్నీ క్యాపిటల్ లెటర్స్ వద్దు. వంపులన్నీ ఒకదానికొకటి తగులుకుని చదవడం కష్టమవుతుంది.
• సైజు పెద్దగా ఉండాలి. తోకలు పొడవు, చిన్న అక్షరాలు మరీ చిన్నవి. పైనా కిందా ఖాళీ వదలండి.
• అక్షరాల మధ్య అదనపు స్పేసింగ్ ఇవ్వొద్దు. చేతిరాత లుక్ పోతుంది.
• వాట్సాప్‌లో పంపేముందు పీడీఎఫ్‌గానో, ఇమేజ్‌గానో సేవ్ చేయండి. ఐఫోన్, ఐప్యాడ్‌లలో ఈ ఫాంట్ ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో మాత్రం మామూలుగా ఉండదు. ఫైల్ అలాగే పంపితే వేరే ఫాంట్‌లో కనిపిస్తుంది.
• వెబ్‌సైట్‌లోనో, యాప్‌లోనో పెట్టాలనుకుంటే ముందు లైసెన్స్ చూసుకోండి. మ్యాక్‌తో వచ్చింది కదా అని ఎక్కడైనా వాడేయడం కుదరదు.

అన్నిటికన్నా ముఖ్యం.. ముహూర్తం, ఫంక్షన్ హాల్ అడ్రస్, ఫోన్ నంబర్ మాత్రం సాదా ఫాంట్‌లోనే పెట్టండి. కార్డు బాగుందని అందరూ మెచ్చుకోవచ్చు. అడ్రస్ అర్థంకాక బంధువులు వేరే హాల్‌కి వెళ్తే ఆ అందం ఎందుకు?